సిరి ఓటు ఎటు పడింది

ఎలక్షన్ డ్యూటీ గురించి బసవరాజు చెప్పడం మొదలుపెడితే ఆపడం ఇంట్లో ఎవరి వల్లా కాదు. ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో అతను టెక్నికల్ ఆఫీసరు. పదేళ్లుగా ఏ ఎన్నికలొచ్చినా ప్రిసైడింగ్ ఆఫీసరుగా అతని పేరు మీద ఆర్డరు రావలసిందే. తోటి ఉద్యోగులు నడుం నొప్పనీ, మరదలి పెళ్లనీ కాగితాలు పట్టుకుని తప్పించుకోవడానికి తిరుగుతుంటే, ఇతను మాత్రం ఆ పెళ్లికి తనే పోతున్నట్టు చొక్కా ఇస్త్రీ చేయించుకుని ట్రైనింగుకి బయల్దేరేవాడు. అతని బూత్‌లో ఇంతవరకూ ఒక్క ఓటు లెక్క తప్పలేదు. ఆ సంగతి నాచారంలో కూరగాయలమ్మే పోశయ్యకి కూడా తెలుసు, ఎందుకంటే పోశయ్యకి కూడా చెప్పాడు.

ఆ మే నెలలో పార్లమెంటు ఎన్నికల డ్యూటీ చేసొచ్చి అన్నాల దగ్గర పిల్లలకి ఒక కథ చెప్పాడు. పోలింగ్ ముగిసే వేళ ఒక ఏజెంటు, ఆకలవుతోంది, లెక్క కాగితం మీద సంతకం ముందే పెట్టేసి పోతానన్నాడట.

"నేనేమన్ననో ఎర్కనా?" అన్నాడు బసవరాజు అన్నం కలుపుతూ. "నీ కండ్లతోని సూడని లెక్క మీద సంతకం పెట్టకు తమ్మీ, నన్ను గూడ నమ్మకు అన్న. కూసున్నడు. మొత్తం అయినంకనే పోయిండు."

తొమ్మిదేళ్ల కూతురు సిరి నోరు తెరుచుకుని వింది. పద్నాలుగేళ్ల కొడుకు అభినవ్ ఈ కథ అంతకుముందు అసెంబ్లీ ఎన్నికలప్పుడు కూడా విన్నాడు. అప్పుడు ఆ ఏజెంటుకి ఆకలి కాదు, కడుపునొప్పి. అయినా డాడీ అబద్ధం చెప్పడని వాడికి ఎంత నమ్మకమంటే, ఆకలిగలవాడూ కడుపునొప్పివాడూ ఇద్దరు వేరే వేరే ఏజెంట్లని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఇంట్లో ఎన్నిక రావడానికి కారణం కారు. నాచారంలో రాజయ్య ఇంటి పై అంతస్తులో ఎనిమిదేళ్లుగా వాళ్లు అద్దెకుంటున్నారు. రెండు గదులు, ఒక హాలు. బసవరాజు తల్లి మల్లవ్వ మంచం ఆ హాల్లోనే. కిందటేడు అతను కారు కొన్నాడు గానీ ఆ సందులో కారు పెట్టుకునే చోటు లేదు. ఆటోలూ నీళ్ల ట్యాంకర్లూ పోతూ పోతూ దానికి గీతలు పెడుతుంటే, తన ఒంటి మీద గీసినట్టు విలవిల్లాడిపోయేవాడు. అంతలో చెంగిచెర్లలో ఉండే తోటి ఉద్యోగి రమేష్, తన ఇంటి కింది భాగం ఖాళీ అయిందని చెప్పాడు. మూడు గదులు, గేటు లోపల కారుకి షెడ్డు. బసవరాజు శనివారం పొద్దున పోయి చూసి, అక్కడికక్కడే సరేనని అడ్వాన్సు ఇచ్చేశాడు. వచ్చేటప్పుడు కింద రాజయ్యకి కూడా, జూన్‌లో ఖాళీ చేస్తామని చెవిన వేశాడు. ఇంట్లోకి వచ్చి మాత్రం "ఇల్లు సూసొచ్చిన, మంచిగుంది" అని ఊరుకున్నాడు. భార్య సూర్యకళకి చెప్పిందీ అంతే.

సిరి ముందు మూతి ముడిచింది, తర్వాత ఏడుపందుకుంది. పక్కింటి మనస్వినీ, సిరీ ఎల్‌కేజీ నుంచి చేతులు పట్టుకుని ఒకే బడికి నడిచి పోతున్నారు. అభినవ్‌కి ఆ గల్లీలో క్రికెట్ టీమ్ ఉంది.

"నీ కారు కోసం మేమందరం పోవాల్నా డాడీ?" అన్నాడు వాడు.

డ్యూటీ చేసొచ్చిన వేడి ఇంకా దిగలేదేమో, బసవరాజు గొప్పగా అనేశాడు. "మన ఇంట్ల గట్ల జబర్దస్తీ లేదు బిడ్డా. ఓట్లు పెడ్దాం. దేనికి ఎక్కువొస్తె అదే."

అతని లెక్క అతనికుంది. ఇంట్లో ఓట్లు ఐదు. పిల్లలవి రెండూ పోయినా తనదీ, సూర్యకళదీ, తల్లిదీ కలిపి మూడు. సూర్యకళకి పెద్ద వంటిల్లు కావాలని ఎప్పటి నుంచో ఉంది. మల్లవ్వ ఏనాడూ కొడుకు మాట దాటింది కాదు, ఇప్పుడడిగినా "నీ ఇష్టం కొడుకా" అనే అంది. రమేష్‌కి ఇచ్చిన మాట నిలుస్తుంది, పిల్లలకి ప్రజాస్వామ్యం నేర్పినట్టూ అవుతుంది. అంత తెలివి తనకే వచ్చిందని లోలోపల మురిసిపోయాడు కూడా.

ఆదివారం పొద్దున సిరి ఓటు చీటీలు తయారుచేసింది. నానమ్మకి చదువు రాదు కాబట్టి గుర్తులుండాలని పట్టుబట్టి, నాచారంలోనే ఉండిపోవడానికి మంచం, చెంగిచెర్ల పోవడానికి లారీ గీసింది. ఐదు చీటీల మీద పది బొమ్మలు గీసేసరికి ఆ పిల్లకి చెయ్యి నొప్పెట్టింది. మొదటి మూడింటిలో లారీ పైన, మంచం కింద ఉంటే, చివరి రెండింటిలో తారుమారయ్యాయి.

"గుర్తులు అన్నిట్ల ఒక్క తీరుగ ఉండాలె బిడ్డా" అన్నాడు బసవరాజు గానీ మళ్లీ గీయమనడానికి మనసొప్పలేదు.

కుక్కర్ వచ్చిన అట్టపెట్టె అడ్డం పెట్టి, వెనక స్కెచ్ పెన్ను ఉంచారు. చెప్పుల డబ్బాకి కన్నం చేసి, అది ఖాళీగా ఉందని అందరికీ తిప్పి చూపించాడు. సూర్యకళ గోళ్ల రంగు తెచ్చి ఎడమ చూపుడు వేళ్లకి చుక్కలు పెట్టింది. ఓటు ఎవరికేశారో అడగకూడదు, అడిగినా చెప్పకూడదు, అది ఎవరి సొంతం వాళ్లదని బసవరాజు చెబుతుంటే సిరి బుద్ధిగా తలూపింది. మల్లవ్వ కొంగు సర్దుకుని, చెప్పులు విడిచి, నిజం బూత్‌కి పోయినట్టే పోయి వేసొచ్చింది. ఆ ఒక్క గంటా ఇల్లంతా సంబరంగా ఉంది.

లెక్కింపుకి కూర్చోగానే అభినవ్ అన్నాడు. "ఏజెంట్లు ఉండాలె గదా డాడీ. నేను పక్కన కూసుంట."

"ఇంట్ల ఏజెంట్లెందుకురా, నేను లేనా?"

ఆ మాట అన్నప్పుడు అతని మనసులో ఏ పాపమూ లేదు. గెలుస్తానన్న ధీమా, అంతే. అభినవ్ ఇంక అడగలేదు. అందరితో పాటు ఎదురుగా కూర్చున్నాడు.

మొదటి చీటీ లారీ. రెండోది మంచం. మూడోది లారీ. నాలుగోది విప్పాడు. మంచం. గీత వణుకుతూ, ఒకదాని మీద ఒకటి మూడుసార్లు అదిమి గీసి ఉంది. అది తల్లి చెయ్యి. బసవరాజు ఆ చీటీ చదివేశాడు గానీ తన మూడు ఓట్ల లెక్క అక్కడే తప్పింది. రెండుకి రెండు. చివరిది విప్పాడు. మంచం. టిక్కు పక్కన చిన్న నక్షత్రం. సిరి హోంవర్కు బాగా చేశాననుకున్న రోజు పుస్తకంలో తనకు తానే వేసుకునే నక్షత్రం అది.

నలుగురూ అతని మొహంలోకే చూస్తున్నారు. రమేష్‌కి ఏం చెప్పాలి, చెప్పకుండా అడ్వాన్సు ఇచ్చినందుకు సూర్యకళ ఏమంటుంది, ఓట్లు పెట్టకముందే ఇల్లు ఖాయం చేశానని తెలిస్తే ఇన్నాళ్లూ కథలు చెప్పించుకున్న పిల్లల ముందు తన పరువేం కావాలి. ఇవన్నీ ఒక్క రెప్పపాటులో బుర్రలో గిర్రున తిరిగాయి.

"లారీ" అన్నాడు. చీటీ మడిచేశాడు.

తర్వాత జరగవలసినవన్నీ పద్ధతిగా జరిగాయి. ఐదు చీటీలూ ఆఫీసు కవర్లో వేసి, టేపు అంటించి, దాని మీద అందరిచేతా సంతకాలు చేయించాడు. మల్లవ్వ వేలిముద్ర వేసింది. కవరు బీరువాలోకి పోయింది.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. పిల్లలూ నానమ్మా ముందు రోజే ఒట్టు పెట్టుకున్నారు, ముగ్గురూ మంచానికే అని. సాయంత్రాలు గడప మీద కూర్చుంటే కబుర్లకి వచ్చే ఎదురింటి సారలమ్మని వదిలి, ఆ చెంగిచెర్లలో ఎవరి మొహం చూడాలని మల్లవ్వ దిగులు. మరి ముగ్గురు వేస్తే రెండే ఎలా వచ్చాయి? అభినవ్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. తను వేశాడు. నానమ్మని అడిగితే "మూడు మాట్ల గీకినరా" అంది. ఇక మిగిలింది సిరి. చెంగిచెర్లలో నీకొక్కదానికే ఒక గది ఇస్తానని డాడీ సిరిని బుజ్జగించడం వాడు విన్నాడు.

"రూమ్ ఇస్తా అనంగనే అమ్ముడుపోయినవ్ గదా" అన్నాడు చెల్లెలితో.

"నేను మంచానికే ఏసిన అన్నా. ఒట్టు."

"మరి నీ ఓటు ఏడికి పోయింది? డాడీ తప్పు సదివిండా?"

వంటింట్లో మంచినీళ్లు తాగుతున్న బసవరాజు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. డాడీ తప్పు చదవడమనేది సిరి బుర్రకి అందే విషయం కాదు. మల్లవ్వ మధ్యలో కల్పించుకుని "పోనియ్‌రా, సిన్నపిల్ల, ఆశపడ్డది" అంది. అన్న తిడితే ఏడవని పిల్ల, నానమ్మ ఆ మాట అనేసరికి ఏడ్చేసింది. ఆ రాత్రి నుంచి నానమ్మ పక్కలో పడుకోవడం మానేసింది.

మర్నాడు అభినవ్ కవరు విప్పి చూద్దామన్నాడు.

"సీల్ ఏసిన కవర్ కోర్టు ఆర్డర్ లేకుంట ఇప్పరురా" అన్నాడు బసవరాజు.

రూలు నిజమే. పదేళ్లు ప్రాణంగా పాటించిన రూళ్ల వెనకే ఇప్పుడు దొంగలా నక్కాడు. నెల తిరిగేసరికి అందరూ మర్చిపోతారు, పెద్ద ఇల్లు, వాళ్ల మంచికే కదా అని తనకు తాను ధైర్యం చెప్పుకునేవాడు. చెప్పుకున్నంతసేపే ఉండేది ఆ ధైర్యం. ఎవరూ లేనప్పుడు రెండుసార్లు ఆ కవరు బయటికి తీసి చింపేద్దామనుకున్నాడు. మీద సంతకాలూ తల్లి వేలిముద్రా కనబడగానే చింపలేక మళ్లీ లోపల పెట్టేశాడు. ఓటు మార్చేటప్పుడు రాని జంకు కవరు చింపడానికి వచ్చింది, చూడండి.

గురువారం సామాను సర్దడానికి అట్టపెట్టెలు తేవాలని కారు తీస్తే, సిరి తనూ వస్తానంది. ఉప్పల్ చౌరస్తాలో ఎప్పటిలాగే బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వెనక సీట్లోంచి సిరి గొంతు మెల్లగా వినిపించింది.

"డాడీ, ఒక మాట చెప్తె అన్నకు చెప్పవ్ గదా?"

"చెప్ప. ఏంది బిడ్డా?"

"నేనే తప్పేసిన." అంది. "చీటీలు నేనే గీసిన గదా. కొన్నిట్ల లారీ పైనుండె, కొన్నిట్ల మంచం పైనుండె. నేను జర సూస్కోకుంట ఏసిన కావచ్చు. మంచం అనుకొని లారీకి ఏసిన."

బసవరాజు అద్దంలో చూశాడు. సిరి తన వేలి మీద గోళ్ల రంగుని గీకుతోంది.

"మంచానికే ఏసిన అని మస్తు గుర్తుంది డాడీ. కానీ లెక్కల రెండే వచ్చినయ్ గదా. అంటె నాకు గుర్తున్నదే తప్పు."

అక్కడ చెప్పేయవలసింది. మాట గొంతు దాకా వచ్చింది కూడా. వెనక బస్సువాడు హారన్ కొట్టాడు, ముందు బండి కదిలింది, అతను గేరు వేశాడు, ఆ సందులో ఆ మాట మళ్లీ లోపలికి జారిపోయింది. బయటికి వచ్చింది వేరే మాట.

"పోనియ్ బిడ్డా. తప్పు ఎవలైన జేస్తరు. ఏం కాదు, ఫికర్ జెయ్యకు."

"థాంక్యూ డాడీ" అంది సిరి.

తను చేసిన తప్పుకి కూతుర్ని క్షమించాడు. పైగా ఆ పిల్ల చేత కృతజ్ఞత చెప్పించుకున్నాడు. షాపులో ఎన్ని పెట్టెలు తీసుకున్నాడో, షాపువాడు ఏమన్నాడో ఒక్కటీ తలకెక్కలేదు. వచ్చేదారిలో బరువు దించుకున్న సిరి కిటికీ లోంచి మెట్రో రైళ్లు లెక్కపెడుతుంటే, కారు అక్కడే వదిలేసి ఎటైనా పోవాలనిపించింది. అంత సిగ్గు అతని జీవితంలో ఎప్పుడూ పడలేదు. అయినా నోరు విప్పలేదు. ఇవాళ కాదు, రేపు చెబుదాం అనుకున్నాడు. రేపు కూడా అదే అనుకున్నాడు.

సిరి మాత్రం అక్కడితో ఆగలేదు. తప్పు చేస్తే ఒప్పుకోవాలని ఆ పిల్లకి ఇంట్లోనే నేర్పారు మరి. శుక్రవారం మనస్విని దగ్గరికి పోయి, మేము పోయేది నా వల్లే, నేనే తప్పు గుర్తుకి ఓటేశానని చెప్పేసింది. ఆ పిల్లా తొమ్మిదేళ్లదే. కోపమొచ్చి లోపలికి పోయి తలుపేసుకుంది.

శనివారం సాయంత్రం బసవరాజు కూరగాయల సంచీతో వచ్చేసరికి, పక్కింటి గేటు పట్టుకుని సిరి నిలబడి ఉంది. మనస్విని తల్లి పద్మశ్రీ ఇబ్బందిగా నవ్వుతోంది.

"ఇయ్యాల ఆడుకోదంట సిరీ. రేపు రా."

"నిన్న గూడ రేపు రా అన్నరు ఆంటీ" అంది సిరి.

ఆ పిల్ల గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. బసవరాజుకి తల కొట్టేసినట్టయింది. కూతుర్ని పిలవలేక, అక్కడ నిలబడలేక, తలొంచుకుని మెట్లెక్కేశాడు.

అందరూ అన్నాలకి కూర్చున్నారు. సిరి మెతుకులు కెలుకుతోంది. మనవరాలి మొహం చూడలేక మల్లవ్వ ఓదార్చబోయింది. "అయిందేదో అయింది తియ్యి. పెద్దగైనంక నీకు గూడ ఓటొస్తది. అప్పుడు మంచిగ సూసి గుద్దు."

"నేనెయ్య నానమ్మా" అంది సిరి తలెత్తకుండా. "పెద్దగైనంక గూడ ఎయ్య. నాకు సక్కగ రాదు. నేనేస్తె అందరికి ఖరాబైతది."

బసవరాజు చేతిలో ముద్ద పళ్లెంలో వదిలేశాడు. ఎంగిలి చేత్తోనే లేచి పోయి బీరువా తెరిచాడు. కవరు తెచ్చి, గిన్నెల మధ్య పెట్టి, టేపు పీకాడు. సూర్యకళ ఏమైందోనని చూస్తోంది.

"సిరి తప్పెయ్యలే" అన్నాడు. "సిరి మంచానికే ఏసింది. నేను లారీ అని సదివిన. తప్పుబోయి గాదు, కావాల్నని సదివిన. ఓట్ల కంటె ముందు దినమే రమేష్‌కు అడ్వాన్స్ ఇచ్చొచ్చిన. ఓడిపోతె మీకు తెలుస్తదని భయమైంది."

ముందు సూర్యకళ తేరుకుంది. "ముందే ఇచ్చొచ్చిన్రా? మరి నాతోని ఓటెందుకు ఏపిచ్చిన్రు?" అంది. ఆమె ఓటు లారీకే పడింది, అయినా ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మల్లవ్వ కొడుకు వైపు అదోలా చూసింది. "నాకు గట్టిగ చెప్తె నా ఓటు నీకే ఇస్తుంటి గదరా. పసిదాని ఓటు గుంజుకున్నవ్?"

"తప్పయిందే అమ్మా. రేపే రమేష్‌కు వస్తలేమని చెప్తా. కింద రాజయ్యకు గూడ చెప్తా. గెలిచింది మంచమే. మనం ఏడికి పోతలేం."

అభినవ్ నాన్న వైపు చూడలేదు, చెల్లెలి వైపు అసలే చూడలేకపోయాడు. పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు.

సిరి కవర్లో చెయ్యి పెట్టి ఒక్కో చీటీ తీసింది. నక్షత్రం ఉన్నది దొరికింది. దాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇల్లు మారుతున్నామా లేదా అని అడగలేదు. ఎందుకిలా చేశావని కూడా అడగలేదు.

"నేను సక్కగనే ఏసిన" అంది.

అన్నకి చూపించింది. అమ్మకి చూపించింది. "సూడు నానమ్మా, సక్కగనే ఏసిన" అని మల్లవ్వ ఒళ్లో పెట్టి చూపించింది. ఏడుస్తుందో, తిడుతుందో, మొహం తిప్పుకుంటుందో అని బసవరాజు దేనికైనా సిద్ధపడి నిలబడ్డాడు. వారం రోజుల తర్వాత ఆ పిల్ల మొహం వెలిగింది. అది చూడగానే అతనికి దుఃఖం ఆగలేదు. తను దొంగిలించింది ఒక ఓటు అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఆ పిల్లకి తన మీద తనకున్న నమ్మకాన్నే లాగేసుకున్నానని ఇప్పుడు తెలిసింది.

సిరి చీటీ పట్టుకుని గుమ్మం వైపు పరిగెత్తింది.

"ఏడికి బిడ్డా?"

"మనస్వినికి సూపిస్త."

"ఆగు, నేను గూడ వస్త. తప్పు నాదని వాళ్లకు నేనే చెప్తా." గబగబా చెయ్యి కడుక్కోబోయాడు.

సిరి చెప్పులేసుకుంటూ ఒక్క క్షణం ఆలోచించింది.

"నువ్వొద్దు డాడీ" అంది. "నువ్వు చెప్తె నమ్మరు. నేనే పోత."

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. బాగా ఆలోచించి, ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో చూసుకుని చెప్పిన మాట అది. అభినవ్ పళ్లెం పక్కకి జరిపి లేచాడు. "ఆగు సిరీ, నేనొస్తున్న" అని మెట్ల మీద చెల్లెల్ని అందుకున్నాడు. బసవరాజుని ఎవరూ రమ్మనలేదు.